మీకు తెలుసా? ‘ఒంట్లో ఎలా ఉంది’ అన్న ప్రశ్న వెనక ఎన్ని వింతలో!

"ఒంట్లో ఎలా ఉంది బాబాయ్?" బెజవాడ వన్ టౌన్‌లో ఏ టీ కొట్టు దగ్గరైనా రోజూ వినిపించే పలకరింపే! కానీ దీని సత్తా తెలిస్తే నోరెళ్లబెడతారు! కెనడాలోని మానిటోబాలో 65 ఏళ్లు దాటిన వేలమందిని ఇదే అడిగారు. తర్వాత ఏడేళ్లు వాళ్లని గమనించారు. "అస్సలు బాగోలేదు" అన్నవాళ్లకి చావు ముప్పు, "భేషుగ్గా ఉంది" అన్నవాళ్లకంటే దాదాపు 3 రెట్లు! డాక్టర్ల రికార్డుల్లో ఉన్న జబ్బులన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా!

కెనడా సంగతి మనకెందుకంటారా? ఆగండి! 1997లో ఎలెన్ ఐడ్లర్, యేల్ బెన్యమిని అనే ఇద్దరు పరిశోధకులు దేశదేశాల్లో జరిగిన 27 అధ్యయనాలు ముందేసుకుని కూర్చున్నారు. దాదాపు అన్నిట్లోనూ ఇదే కథ! ఏ పరికరమూ లేదు, చుక్క రక్తం తీయలేదు. ఒక్క ప్రశ్న, అంతే!

మరి ఆ జవాబు చెప్పేముందు మనిషి లోపల ఏం చూసుకుంటాడు? షుగర్ ఎంతుందనా? కాదట! 1993లో జాన్సన్, వొలిన్‌స్కీ అనే పరిశోధకులు దీన్ని 4 మెట్లుగా విడగొట్టారు. మొదట జబ్బు. దానివల్ల ఒంట్లో వచ్చిన లోటు. ఆ లోటు వల్ల ఆగిపోయిన పనులు. చిట్టచివర మన ఆరోగ్యానికి మనం వేసుకునే మార్కు! బెజవాడ వాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ నిండుగా ఉన్నంత మాత్రాన దివిసీమ చేను తడవదు కదా! నీళ్లు కాలువెక్కాలి. జబ్బు కూడా అంతే! వైకల్యం అనే కాలువ ఎక్కాకే దాని ప్రభావం చాలావరకు మన జవాబు దాకా వస్తుంది!

ఇంకోటి చూడండి. ముసలివాళ్లు ఎంత స్వతంత్రంగా ఉన్నారో కొలవడానికి ప్రపంచమంతా వాడే జాబితా ఒకటుంది. 1963లో కాట్జ్ అనే డాక్టరు తయారుచేశాడు. అందులో ఉన్నవి 6 పనులే! స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం దిగడం, మలమూత్రాల మీద అదుపు, అన్నం తినడం. ఒక్క జబ్బు పేరన్నా ఉందా? లేదు!

అందుకే బీపీ ఉన్నాయన ఛాతీ విరుచుకుని తిరుగుతాడు! అంకె 140/90 దాటినా చాలామందికి ఏమీ తెలియదు. నొప్పి లేదు, పని ఆగలేదు, ఎవరన్నా అడిగితే "దుక్కలా ఉన్నా" అంటాడు! పక్కనే పిన్నిగారికి మోకాళ్లు అరిగాయి. ప్రాణం మీదికి వచ్చే జబ్బేం కాదది. కానీ ఆవిడ ఇంద్రకీలాద్రి మెట్లెక్కలేదు, పీట మీద కూర్చోలేదు. ఆవిడ జవాబు "ఏం బాగు, ఏదో ఇలా ఉన్నా"! ఎవరి జబ్బు ప్రమాదమో, ఎవరి జవాబు దిగులుగా ఉందో గమనించారా?

ఈ ముచ్చట అమెరికా లెక్కల్లోనూ తేలింది! ఆడవాళ్లు మగవాళ్లకంటే ఎక్కువకాలం బతుకుతారు. అయినా తమ ఆరోగ్యానికి తక్కువ మార్కులు వేసుకుంటారు! ఎందుకని? 2005లో యాన్ కేస్, క్రిస్టినా ప్యాక్సన్ చిక్కుముడి విప్పారు. ఒకే రకం జబ్బులున్న ఆడా మగా దాదాపు ఒకే మార్కు వేసుకుంటున్నారు! తేడా అంతా ఎవరికి ఏ జబ్బులు వస్తాయన్నదాన్లో ఉంది. కీళ్లనొప్పుల్లాంటివి ఆడవాళ్ల వంతుకి ఎక్కువ! ఆడవాళ్లు ఊరికే మూలుగుతారని అనే బాబాయిలకి ఈ పేరా చదివి వినిపించండి!

ఎన్టీఆర్ జిల్లాలో ఎ.కొండూరు పేరు విన్నారుగా? తండాల్లో కిడ్నీ జబ్బుతో వార్తలకెక్కిన మండలం. కిడ్నీ ఎంత గుట్టుగా ఉంటుందో తెలుసా? సగం పని మానేసినా చాలామందికి లోపలినుంచి చిన్న కబురు కూడా రాదు! కిడ్నీల వడపోత అంకె 15 కంటే కిందికి దిగితే అది ఆఖరి దశ. ఆ దగ్గరికి వెళ్లేదాకా మనిషి పొలం వెళుతూనే ఉంటాడు, బాగున్నాననే చెబుతాడు! జబ్బుంది, వైకల్యం లేదు. అందుకే జవాబులో జబ్బు జాడే లేదు!

ఇప్పుడు అసలైన మన ఊరి వింత! ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మంది కళ్లు పరీక్షించింది! వాళ్లని నాలుగు చోట్ల నుంచి ఎంచుకున్నారు. అందులో ఒకటి మన కొల్లేటికి అవతలి గట్టు, పశ్చిమ గోదావరి! ఇప్పుడు బెజవాడ పక్కన తాడిగడపలో పెద్దాసుపత్రి ఉన్న సంస్థే ఇది. కళ్లు చూసి ఊరుకోలేదు. నలభై దాటినవాళ్లని బతుకు ఎలా నడుస్తోందని కూడా అడిగారు!

ఏం తేలిందో వినండి, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే! 2006లో వచ్చిన ఫలితం ప్రకారం శుక్లాలున్నవాళ్ల బతుకు ఎంత దిగజారిందన్నది చూపు ఎంత తగ్గిందన్నదాన్ని బట్టే ఉంది. అంటే శుక్లం ప్రభావం వైకల్యం అనే కాలువ గుండానే వచ్చింది! కానీ గ్లకోమా, నల్లగుడ్డు జబ్బు అలా కాదు. చూపు లెక్క పక్కన పెట్టేసినా అవి బతుకుని కిందికి లాగుతూనే ఉన్నాయి! ఒక జబ్బు వైకల్యం ద్వారా కొడుతుంది, ఇంకొకటి వైకల్యంతో పనిలేకుండా నేరుగా కొడుతుంది! రెండూ ఒకే కంట్లో ఉండే జబ్బులే!

పెడనలో కలంకారీ అద్దకం చూశారా? అచ్చు పక్కన అచ్చు వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. నలభై దాటాక దగ్గరి చూపు మందగిస్తే? అస్సాం తేయాకు తోటల్లో దీన్ని పరీక్షించారు. నలభై దాటిన కూలీలకి దగ్గరి చూపు కళ్లజోళ్లు ఇచ్చారు. కళ్లజోడు లేనివాళ్లతో పోలిస్తే వాళ్లు కోసే ఆకు 21.7 శాతం ఎక్కువ పెరిగింది! కన్ను మారలేదు, వయసు తగ్గలేదు. ముక్కు మీద ఒక చవక కళ్లజోడు వచ్చింది, లోటు మాయమైంది!

కోస్తా జిల్లాల పాత శత్రువు బోదకాలు! దీని పురుగు మనిషి ఒంట్లో 6 నుంచి 8 ఏళ్లు బతుకుతుంది! పిల్లపురుగులు రాత్రివేళే నెత్తుటిలో తిరుగుతాయి. అందుకే ఊళ్లలో సిబ్బంది జనం పడుకునే వేళకి వచ్చి వేలు గుచ్చి రక్తం తీసేవారు. అసలు ఆశ్చర్యం ఏంటంటే, కాలు స్తంభంలా వాచినవాళ్లలో చాలామంది రక్తంలో పురుగే కనబడదు! లోపల పురుగున్న కుర్రాడు మాత్రం హాయిగా కబడ్డీ ఆడుతుంటాడు! ఒకరికి జబ్బు పోయి వైకల్యం మిగిలింది. ఇంకొకరికి జబ్బుంది, వైకల్యం ఇంకా రాలేదు. ఇద్దరినీ "ఒంట్లో ఎలా ఉంది" అని అడిగితే ఎవరేం చెబుతారో మీరే ఊహించండి!

ఆ వాచిన కాలికి ఉపశమనం ఏంటో తెలుసా? సబ్బు, నీళ్లు! నిజం! రోజూ కాలు శుభ్రంగా కడిగి, వేళ్ల సందులు తుడిచి, పుండ్లకి మందు రాస్తే చలిజ్వరంతో కాలు ఎర్రబడే దాడులు తగ్గుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో బోదకాలు నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో మాత్రలతో పాటు ఈ కాలి సంరక్షణా ఉంది. వాపు పూర్తిగా తగ్గకపోవచ్చు. కానీ మంచం పట్టే రోజులు తగ్గుతాయి, కూలికి వెళ్లే రోజులు పెరుగుతాయి!

నడుం నొప్పిని తక్కువ చేసి చూస్తున్నారా? 2012లో ప్రపంచ జబ్బుల భారాన్ని లెక్కకట్టినవాళ్లు 220 రకాల ఆరోగ్య స్థితులకి బరువులు వేశారు. పూర్తి ఆరోగ్యం 0, చావు 1. చూపు పూర్తిగా పోవడానికి వచ్చిన బరువు 0.2 లోపే! ఏళ్ల తరబడి వదలని తీవ్రమైన నడుం నొప్పికి 0.35 పైనే! వరినాట్ల కాలంలో తెల్లారి లేచి సాయంత్రం దాకా బురదలో వంగి ఉండే ఆడకూలీలకి ఈ మాట కొత్త కాదు. కొత్తగా తెలిసింది పరిశోధకులకే!

ఇప్పుడు బల్ల ఇంకో వైపు తిప్పుదాం! వైకల్యం ఉన్న మనిషంటే ఒంట్లో బాగోలేని మనిషి అనుకుంటున్నారా? మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టాడు శ్రీకాంత్ బొల్లా. పుట్టుకతోనే చూపు లేదు. ఇంటర్లో సైన్సు ఇవ్వమంటే కుదరదన్నారు. కోర్టుకెక్కి సాధించుకున్నాడు! 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు! అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివాడు, తిరిగొచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. 2024లో ఆయన కథ హిందీ సినిమా కూడా అయింది. ఇందులో రోగం ఎక్కడుంది చెప్పండి?

మదురై అరవింద్ కంటి ఆసుపత్రి స్థాపించిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామికి కీళ్లవాతం వచ్చి వేళ్లు వంకర్లు తిరిగిపోయాయి. పెన్ను పట్టడమే గగనమైంది. ఆ వేళ్లతోనే లక్షకి పైగా కంటి ఆపరేషన్లు చేశాడు! 1976లో ఆయన మొదలుపెట్టిన ఆసుపత్రిలో మంచాలు 11! ఇక్కడ జబ్బూ ఉంది, వైకల్యమూ ఉంది. పని మాత్రం ఆగలేదు!

ఇవి గొప్పవాళ్ల కథలు, మామూలు జనం సంగతేంటి అంటారా? న్యాయమైన ప్రశ్నే! 1999లో ఆల్‌బ్రెక్ట్, డెవ్లీగర్ అనే ఇద్దరు తీవ్ర వైకల్యం ఉన్న 153 మందితో కూర్చుని మాట్లాడారు. బతుకు బాగుంది, చాలా బాగుంది అన్నవాళ్లు 54.3 శాతం! బయటివాళ్లు మాత్రం ఇలాంటి బతుకు నరకమే అనుకుంటారు!

బయటివాళ్లంటే మీరూ నేనే కాదు! అమెరికాలో 1994లో ఎమర్జెన్సీ వార్డు సిబ్బందిని అడిగారు. "మీకే వెన్నుపాము దెబ్బతింటే, బతికినందుకు సంతోషిస్తారా?" అవునన్నవాళ్లు నూటికి 18 మంది! నిజంగా వెన్నుపాము దెబ్బతిని బతుకుతున్నవాళ్లని అడిగితే? నూటికి 92 మంది! ప్రాణం పోసే చేతులకే ఈ సంగతి తెలియదు!

అది పాత సంగతిలే అనుకోకండి. 2021లో 714 మంది అమెరికా డాక్టర్లని అడిగితే, పెద్ద వైకల్యం ఉన్నవాళ్ల జీవితం మిగతావాళ్లకంటే నాసిరకమే అన్నవాళ్లు 82.4 శాతం! ఇరవయ్యేడేళ్లలో మారింది తక్కువే!

ఇంకొంచెం దగ్గరికి రండి, ఇది మరీ వింత. ఒళ్లంతా చచ్చుబడి, కళ్లు తప్ప ఏదీ కదలని జబ్బు ఒకటుంది. తెలివి పూర్తిగా ఉంటుంది, అన్నీ వినబడతాయి, మాట మాత్రం రాదు. రెప్ప ఆడించే జవాబు చెప్పాలి! 2011లో యూరప్‌లో అలాంటి 65 మందిని సంతోషంగా ఉన్నారా అని అడిగారు. 47 మంది ఉన్నామన్నారు! ఈ స్థితిలో ఎక్కువ ఏళ్లు గడిపినవాళ్లలోనే సంతోషం ఎక్కువట! మరి లేమన్నవాళ్లలో ఏం కనిపించింది? ఆందోళన ఎక్కువ. ఇల్లు కదిలి నలుగురిలోకి వెళ్లే దారి లేదు. కాలక్షేపం లేదు. ఇందులో రెండు మన చేతుల్లో ఉన్నవే!

బయటికి వెళ్లే దారి అంటే కొన్నిసార్లు సిమెంటు వాలు! ఒక అడుగు ఎత్తు గుమ్మానికి చక్రాల కుర్చీ ఎక్కాలంటే వాలు ఎంత పొడవుండాలో తెలుసా? 12 అడుగులు! మన దేశపు నిబంధనే ఇది. బెజవాడలో ఏ షాపు ముందైనా నిలబడి చూడండి, మూడడుగుల్లో కొండెక్కించేస్తారు! అలాంటి వాలు మీద చక్రాల కుర్చీ కాదు, కొబ్బరికాయ కూడా నిలవదు!

అలవాటు పడిపోతార్లే అని తేలిగ్గా అనేయకండి! అలవాటు ఎంతో కూడా కొలిచారు. బ్రిటన్‌లో ఆస్వాల్డ్, పౌథవీ 2008లో తేల్చిందేంటంటే, ఒక మోస్తరు వైకల్యం వచ్చినవాళ్లు పోయిన సంతోషంలో దాదాపు 50 శాతం తిరిగి తెచ్చుకుంటారు. తీవ్రమైనదైతే 30 శాతమే! పూర్తిగా కోలుకుంటారన్నది కట్టుకథ, అస్సలు కోలుకోరన్నదీ కట్టుకథే!

వైకల్యం ఉన్నవాళ్లకి చిన్న జబ్బు వస్తే ఎంత పెద్దదవుతుందో తెలుసా? మనకి భుజం నొప్పొస్తే బామ్ రాసుకుని పడుకుంటాం. చక్రాల కుర్చీని చేతులతో తోసుకునేవాళ్లకి భుజాలే కాళ్లు! వాళ్లలో భుజం నొప్పి కొన్ని అధ్యయనాల్లో నూటికి 30 మందికి, మరికొన్నింటిలో 70 మందికి! అదే నొప్పి, అదే బామ్. కానీ అక్కడ స్నానం ఆగిపోతుంది, మంచం దిగడం ఆగిపోతుంది, బజారు ఆగిపోతుంది! ఒకే జబ్బు రెండు ఒళ్లలో రెండు సైజుల్లో ఉంటుంది!

పోలియో పోయిందని మురిసిపోయాం కదా? మన దేశంలో సహజ పోలియో వైరస్‌తో వచ్చిన ఆఖరి కేసు 2011 జనవరి 13న. ఆ తర్వాత అలాంటిది ఒక్కటీ లేదు! కానీ చిన్నప్పుడు పోలియో వచ్చి, కాలీడ్చుకుంటూనే సంసారాలు ఈదినవాళ్లలో కొందరికి పదిహేనేళ్లకో, ముప్పై నలభై ఏళ్లకో కండరాల బలహీనత మళ్లీ మొదలవుతుంది! వైరస్ తిరిగి రాలేదు. అప్పట్లో మిగిలిన నరాలు ఇన్నేళ్లు రెట్టింపు చాకిరీ చేసి అలిసిపోవడమే కారణమంటారు. నిన్నటిదాకా "నాకేం, దిట్టంగా ఉన్నా" అన్న మనిషి జవాబు యాభై ఏళ్ల వయసులో మారిపోతుంది!

షుగర్, ఉబ్బసం, కీళ్లనొప్పులు, గుండె నొప్పి, దిగులు జబ్బు. వీటిలో మనిషి ఆరోగ్యపు మార్కుని ఎక్కువగా కిందికి లాగేదేది? దిగులు జబ్బే! 2007లో వచ్చిన ఈ ఫలితం వెనక 60 దేశాల జనం ఉన్నారు! మిగతా జబ్బులకి దిగులు తోడైతే ఇంకా ఘోరం. స్కానింగుల్లో ఎక్కడా కనబడని జబ్బుకి మొదటి బహుమతి!

సర్కారుకి ఈ రహస్యం తెలుసు! 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలు. కానీ పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000! పక్షవాతం పేరుకి కాదు ఆ డబ్బు, అది మనిషిని ఎక్కడ ఆపేసిందన్నదానికి! ఇక వైకల్యం ఎంతో తేల్చే సదరం క్యాంపు దగ్గర వరసలో నిలబడ్డవాళ్ల నోట వినిపించేది ఒకటే, "పర్సంటేజీ ఎంతేశారు?" 40కి తగ్గకుండా ఉంటేనే కదా కాగితానికి విలువ!

చట్టంలోనూ జబ్బుకీ వైకల్యానికీ మధ్య గోడ కూలింది! పాత చట్టంలో వైకల్యాలు ఏడే. 2016 చట్టంలో ఏకంగా 21! తలసేమియా, హీమోఫీలియా, పార్కిన్సన్స్ కూడా అందులోకి వచ్చేశాయి.

లెక్కల్లోనూ మాయ ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2.21 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రపంచమంతటికీ చెప్పిన లెక్క 16 శాతం! మనవాళ్లంత గట్టి పిండాలా? అబ్బే! వికలాంగులు ఎవరన్నా ఉన్నారా అని అడిగితే ఇంటాయన లేరంటాడు. మెట్లెక్కడం కష్టంగా ఉందా, చూపు ఆనడం కష్టంగా ఉందా అని అడిగితే ఇంట్లో సగం చేతులు లేస్తాయి!

అమర్త్యసేన్ కూడా ఇక్కడ ఒక చురక వేశారు. 2002లో ఆయన చూపించిందేంటంటే, కేరళవాళ్లు బీహారువాళ్లకంటే చాలా ఎక్కువకాలం బతుకుతారు. అయినా ఒంట్లో బాగోలేదని చెప్పేది కేరళవాళ్లే ఎక్కువ! చదువు, ఆసుపత్రి దగ్గరున్నవాళ్లకి తమ ఒంట్లో లోటు కనబడుతుంది. లేనివాళ్లు అదే మామూలనుకుంటారు!

మరి ఎవరి జవాబు నమ్మాలి? దీనికో తమాషా ఉపాయం కనిపెట్టారు, అదీ మన గడ్డ మీద పరీక్షించారు! 2000, 2001ల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్ద సర్వే చేసింది. ఇండియా తరఫున ఎంచుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ని! ముందు మీ సంగతి అడుగుతారు. తర్వాత ఒక కల్పిత మనిషి కథ చెబుతారు. ఫలానా ఆయన ఇంత దూరం నడవగలడు, మెట్లెక్కితే ఆయాసపడతాడు, ఆయనకి నడక ఎంత కష్టమంటారు? కథ అందరికీ ఒక్కటే. కానీ జవాబులు ఒక్కటి కావు! ఒకరు ఫర్వాలేదంటారు, ఇంకొకరు పాపం చాలా కష్టమంటారు. అదిగో, ఎవరి కొలబద్ద ఎంత పొడుగో దొరికిపోయింది! నడక, నొప్పి, జ్ఞాపకం, సొంత పనులు, రోజువారీ పనులు, మనసు, ఇలా 6 విషయాల్లో కొలిచారు.

ఆ కొలబద్దల తేడా సరిచేసి 2008లో లెక్క మళ్లీ వేశారు. డబ్బున్నవాళ్లకీ లేనివాళ్లకీ ఆరోగ్యంలో ఉన్న తేడా ముందు కనబడినదానికంటే పెరిగింది! మరీ ఎక్కువగా కాదు లెండి. పెరగడం మాత్రం పెరిగింది!